విజార్డ్ సృష్టించిన డెస్క్‌టాప్ ప్రాజెక్టులోని సోర్స్ ఫైళ్లు: వేటిని మార్చాలి, వేటిని భద్రపరచాలి?

కొత్తబాధ్యత:

అందరికీ నమస్కారం. మా బృందంలో చాలా ఏళ్లుగా వాడుతున్న లెక్కల ప్రోగ్రాము నిర్వహణ ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. దీన్ని విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0 లోని ఎంఎఫ్‌సీ (విండోస్ ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ) యాప్‌విజార్డ్‌తో, అంటే ప్రాజెక్టు తొలి ఫైళ్లను తానే రాసి ఇచ్చే సాధనంతో మొదలుపెట్టి, తరువాత దానిమీదే పెంచుకుంటూ పోయారు. ప్రాజెక్టు పేరు ఇక్కడ 'పద్దు' అనుకుందాం. ఇది ఒకేసారి ఒకే డాక్యుమెంటును తెరిచే రకం, అంటే ఎస్‌డీఐ అప్లికేషన్. మొదట రాసినవారు ఇప్పుడు అందుబాటులో లేరు.

ఫోల్డర్ తెరిస్తే పద్దు.సీపీపీ, మెయిన్‌ఫ్రమ్.సీపీపీ, పద్దుడాక్.సీపీపీ, పద్దువ్యూ.సీపీపీ, వాటి హెడర్లు, స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్ పేరుతో రెండు ఫైళ్లు, రిసోర్స్.హెచ్, ఆర్‌సీ, ఆర్‌సీ2, సీఎల్‌డబ్ల్యూ, ఏపీఎస్, ఎన్‌సీబీ, డీఎస్‌పీ, డీఎస్‌డబ్ల్యూ, వీటన్నిటితోపాటు ఒక రీడ్‌మీ.టీఎక్స్‌టీ కనిపిస్తున్నాయి. రీడ్‌మీలో ఒక్కో ఫైలు గురించి ఒకటి రెండు వాక్యాలు ఉన్నాయి. ఏ ఫైలు ఏమిటో అది చెబుతుంది గాని, దాన్ని నేను తాకవచ్చా లేదా అన్నది చెప్పదు.

నాకు తెలియవలసినవి ఇవి. మనుషులు రాసిన తర్కం వీటిలో ఎక్కడ ఉండే అవకాశం ఉంది? వేటిని తొలగించినా నష్టం లేదు? ఈ ప్రాజెక్టు ఇంతవరకు జిప్ ఫైళ్లుగానే చేతులు మారింది కాబట్టి ఇప్పుడు గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనంలో) పెట్టాలనుకుంటున్నాను, అందులోకి వేటిని చేర్చాలి? ఇంకొకటి కూడా ఉంది: వడ్డీ లెక్కలకు మాత్రమే పనికివచ్చే ఒక కొత్త సీపీపీ ఫైలును చేర్చితే, కంపైలర్ సీ1010 అనే దోషం చూపి ఆగిపోతోంది. ఆ ఫైలులో ఎంఎఫ్‌సీ ప్రసక్తే లేదు.

తరగతిచెట్టు:

నమస్కారం అండీ. ముందుగా మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆ నాలుగు సీపీపీ ఫైళ్ల మధ్య పని ఎలా పంచారో తెలిస్తే మిగిలినవి వాటంతట అవే అర్థమవుతాయి.

పద్దు.సీపీపీలో సీవిన్‌యాప్ నుంచి వచ్చిన సీపద్దుయాప్ అనే క్లాసు ఉంటుంది. ఆ ఫైలులో 'దియాప్' అనే గ్లోబల్ ఆబ్జెక్టును ఒకే ఒక పంక్తిలో ప్రకటించి ఉంటారు. విన్‌మెయిన్ ఫంక్షను కోసం మీరు ప్రాజెక్టు అంతా వెతికినా దొరకదు, ఎందుకంటే అది ఎంఎఫ్‌సీ లైబ్రరీ లోపలే ఉంది. అది ఆ గ్లోబల్ ఆబ్జెక్టును పట్టుకుని దాని ఇనిట్‌ఇన్‌స్టన్స్‌ను పిలుస్తుంది. కాబట్టి ఈ ప్రోగ్రాము ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే చూపవలసిన చోటు ఇనిట్‌ఇన్‌స్టన్స్. అక్కడే సీసింగిల్‌డాక్‌టెంప్లేట్ అనే ఆబ్జెక్టును సృష్టించి డాక్యుమెంటు, ఫ్రేము, వ్యూ అనే మూడు క్లాసులను ఒక ముడిగా కట్టడం కనిపిస్తుంది.

పద్దుడాక్ ఫైళ్లలో దత్తాంశం ఉంటుంది. ఫైలులోకి రాయడం, ఫైలు నుంచి చదవడం అన్నీ సీరియలైజ్ అనే ఫంక్షను గుండా సాగుతాయి. పద్దువ్యూ తెర మీద చూపేది, దాని ఆన్‌డ్రా ఫంక్షనే గీసే చోటు. మెయిన్‌ఫ్రమ్‌లో బయటి కిటికీ, టూల్‌బారు, స్టేటస్‌బారు ఉంటాయి. పుస్తకాల్లో చెప్పే విభజన ఇది. ఆచరణలో ఇలాంటి పాత ప్రాజెక్టుల్లో లెక్కల తర్కం చాలావరకు వ్యూలోనే చేరి ఉంటుంది. మెనూ అంశానికి హ్యాండ్లరు (దాన్ని నొక్కితే నడిచే ఫంక్షను) చేర్చేటప్పుడు చేతికి అందేది వ్యూ కాబట్టి, రాసేవారు అక్కడే రాసేస్తారు. మీరు పద్దువ్యూ.సీపీపీని మొదట చదవండి, అందులోనూ బిగిన్_మెసేజ్_మ్యాప్, ఎండ్_మెసేజ్_మ్యాప్ అనే రెండు మాక్రోల మధ్య ఉన్న జాబితాను ముందు చదవండి. ఏ మెనూ నొక్కితే ఏ ఫంక్షను నడుస్తుందో అక్కడ పంక్తికొకటిగా రాసి ఉంటుంది. ఇలాంటి ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి విషయసూచిక లేదు.

ఒక చిన్న విషయం కూడా గమనించండి. వ్యూలో గెట్‌డాక్యుమెంట్ అనే ఫంక్షను రెండు చోట్ల కనిపిస్తుంది. డీబగ్ నిర్మాణానికి (దోషాలు వెతకడానికి కంపైల్ చేసే రూపానికి) సీపీపీ ఫైలులో ఉన్నది పనిచేస్తుంది. అది తిరిగి ఇచ్చే డాక్యుమెంటు నిజంగా సీపద్దుడాక్ రకానిదేనా అని అసర్ట్‌తో (షరతు తప్పితే ప్రోగ్రామును ఆపి చూపే మాక్రోతో) పరీక్షిస్తుంది. రిలీజ్ నిర్మాణానికి (వాడుకరులకు ఇచ్చే రూపానికి) హెడరు చివర ఇన్‌లైన్‌గా ఉన్నది పనిచేస్తుంది. దాన్ని చూసి ఎవరో పొరపాటున రెండుసార్లు రాశారని ఒకదాన్ని తీసివేయకండి.

లింకర్:

సీ1010 విషయం చెబుతాను. ఇది మీ వడ్డీ లెక్కల ఫైలులో ఉన్న దోషం కాదు. ప్రాజెక్టు మొత్తానికి వర్తించే ప్రీకంపైల్డ్ హెడరు అమరిక వల్ల వస్తున్నది.

విండోస్ హెడర్లు, ఎంఎఫ్‌సీ హెడర్లు చాలా పెద్దవి. ప్రతి సీపీపీ ఫైలుకూ వాటిని మళ్లీ మళ్లీ చదవకుండా ఉండేందుకు విజార్డ్ స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్.హెచ్ అనే ఒక ఫైలులో వాటన్నిటినీ చేర్చి పెడుతుంది. స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్.సీపీపీలో దాదాపు ఒకే పంక్తి ఉంటుంది: ఆ హెడరును చేర్చుకోవడం. ఆ ఒక్క ఫైలును 'వైసీ' ఐచ్ఛికంతో కంపైల్ చేసినప్పుడు పద్దు.పీసీహెచ్ తయారవుతుంది. మిగిలిన ఫైళ్లన్నీ 'వైయు' ఐచ్ఛికంతో ఆ పీసీహెచ్‌ను వాడుకుంటాయి. 'వైయు' ఉన్న ఫైలులో కంపైలర్ స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్.హెచ్‌ను చేర్చే పంక్తి కోసం వెతుకుతుంది. ఫైలు చివరిదాకా వెళ్లినా అది దొరకకపోతే సీ1010 ఇస్తుంది.

మీకు రెండు దారులు ఉన్నాయి. ఆ పంక్తిని మీ ఫైలులో చేర్చడం ఒకటి. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఆ ఒక్క ఫైలును ఎంచుకుని ప్రీకంపైల్డ్ హెడరు వాడవద్దని చెప్పడం రెండోది. వడ్డీ లెక్కలకు ఎంఎఫ్‌సీతో పనిలేదని మీరే అన్నారు కాబట్టి నేనైతే రెండో దారినే ఎంచుకుంటాను. అప్పుడు ఆ ఫైలును రేపు ఇంకో ప్రోగ్రాములోకి గాని, పరీక్షల కోసం వేరే చిన్న ప్రాజెక్టులోకి గాని ఏ మార్పూ లేకుండా తీసుకుపోవచ్చు.

మొదటి దారిలో వెళ్లేవారు గట్టిగా గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. ఆ పంక్తికి పైన ఏమి రాసినా కంపైలర్ దాన్ని దాటవేస్తుంది. అక్కడ ఒక హెడరును చేర్చినా, ఒక మాక్రోను నిర్వచించినా అవి లేనట్టే లెక్క. తరువాత 'ఈ పేరు ప్రకటించలేదు' అని దోషం వస్తుంది, చూస్తే ఫైలు మొదట్లోనే ప్రకటన కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది. అందుకని వ్యాఖ్యలు తప్ప మరేదీ ఆ పంక్తికి పైన ఉండకూడదు.

అలాగే, తరచుగా మారే మీ సొంత హెడర్లను స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్.హెచ్‌లో చేర్చవద్దు. అందులో ఒక్క అక్షరం మారినా ప్రాజెక్టు మొత్తం తిరిగి కంపైల్ అవుతుంది.

కొత్తబాధ్యత:

లింకర్ గారూ, ఆ ఫైలుకు ప్రీకంపైల్డ్ హెడరును ఆపివేయగానే నిర్మాణం పూర్తయింది, ధన్యవాదాలు. తరగతిచెట్టు గారు చెప్పినట్టే వ్యూలోని మెసేజ్ మ్యాపు చదవడం మొదలుపెట్టాను, పన్ను లెక్క నిజంగానే అక్కడ ఉంది. రిసోర్స్ ఫైళ్ల సంగతి ఎవరైనా వివరించగలరా? ఆర్‌సీ, ఆర్‌సీ2, రిసోర్స్.హెచ్ అని మూడు ఎందుకున్నాయో నాకు స్పష్టంగా లేదు.

వనరుల‌గది:

ఇది నేను ఎక్కువగా పనిచేసే చోటు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పద్దు.ఆర్‌సీలో మెనూలు, డైలాగులు, స్ట్రింగ్ పట్టిక, షార్ట్‌కట్ కీలు, ఐకాన్ల దారులు ఉంటాయి. ఇది మామూలు పాఠ్యమే కాబట్టి ఎడిటర్లో తెరిచి చదవవచ్చు. కాని విజువల్ స్టూడియోలోని రిసోర్స్ ఎడిటర్లో ఒక డైలాగును కదిపి సేవ్ చేసిన ప్రతిసారీ ఆ సాధనం ఈ ఫైలును తన పద్ధతిలో తిరిగి రాస్తుంది. మీరు చేత్తో రాసుకున్న వ్యాఖ్యలు అప్పుడు పోతాయి. అలా పోకూడనివి ఉంచుకోవడానికే రెస్ ఫోల్డర్లోని పద్దు.ఆర్‌సీ2 ఉన్నది. ఆర్‌సీ ఫైలు దాన్ని తనలోకి చేర్చుకుంటుంది, ఎడిటరు మాత్రం దాని జోలికి రాదు. నిర్మాణ సమయంలో మాక్రోల నుంచి వెర్షన్ సంఖ్య తీసుకునే వెర్షన్ సమాచార విభాగం లాంటివి అక్కడ పెట్టుకోవడం ఉత్తమం.

స్ట్రింగ్ పట్టికలో ఐడీఆర్_మెయిన్‌ఫ్రేమ్ పేరుతో ఉన్న స్ట్రింగ్‌ను ప్రత్యేకంగా చూడండి. చూపుకు అది చెత్తలా ఉంటుంది: ప్రోగ్రాము పేరు రెండు మూడుసార్లు, మధ్యలో బ్యాక్‌స్లాష్ ఎన్‌లు, కొన్నిచోట్ల వరుసగా రెండు. నిజానికి అది ఏడు భాగాల స్ట్రింగ్. కిటికీ శీర్షిక, కొత్త డాక్యుమెంటుకు పెట్టే పేరు, 'న్యూ' పెట్టెలో కనిపించే పేరు, ఫైలు తెరిచే పెట్టెలోని ఫిల్టరు వివరణ, ఫైలు ఎక్స్‌టెన్షన్, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను, ప్రోగ్రాముల సెట్టింగులను దాచే చోట) డాక్యుమెంటు రకానికి ఇచ్చే గుర్తు, రిజిస్ట్రీలో కనిపించే పేరు, ఇదే వరుస. ఖాళీ భాగానికి కూడా తన స్థానం ఉంటుంది. ప్రోగ్రామును మరో భాషలోకి మార్చేటప్పుడు అనువాదకులకు స్ట్రింగ్ పట్టికను అప్పగిస్తే, వారు 'అనవసరంగా పునరావృతమైన' ఈ పంక్తిని శుభ్రం చేసి పంపడం జరుగుతుంది. ఒక్క బ్యాక్‌స్లాష్ ఎన్ తగ్గినా తరువాతి భాగాలన్నీ ఒక స్థానం ముందుకు జరిగి, ఎక్స్‌టెన్షన్ ఉండవలసిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది, ఫైలు తెరిచే పెట్టెలో మీ ఫైళ్లు కనిపించకుండా పోతాయి. ఈ పంక్తి పక్కన ఒక హెచ్చరిక రాద్దామంటే ఎడిటరు దాన్ని తుడిచేస్తుంది. అందుకని అనువాదకులకు ఇచ్చే సూచనల్లోనే ఈ సంగతి రాసి ఉంచండి.

ఇక రిసోర్స్.హెచ్. ఆర్‌సీ ఫైలులోని పేర్లకు సంఖ్యలను కేటాయించేది ఇదే. ఐడీడీ_అబౌట్‌బాక్స్‌కు 100, ఐడీఆర్_మెయిన్‌ఫ్రేమ్‌కు 128 అని మొదట్లో కనిపిస్తాయి. ఫైలు చివర్లో _ఏపీఎస్_నెక్స్ట్_ అనే ముందుమాటతో నాలుగు నిర్వచనాలు ఉంటాయి. ఎడిటరు తరువాత ఏ సంఖ్య ఇవ్వాలో అక్కడ గుర్తు పెట్టుకుంటుంది. తాజా ప్రాజెక్టులో డైలాగు లోపలి నియంత్రణలకు 1000 నుంచి, మెనూ కమాండ్లకు 32771 నుంచి మొదలవుతుంది. ప్రోగ్రాము నడవడానికి ఆ నాలుగు పంక్తులతో పనిలేదు, అవి ఎడిటరు కోసం మాత్రమే ఉన్నాయి.

శాఖాసంగమం:

వనరుల‌గది గారు చివర్లో చెప్పిన ఆ నాలుగు పంక్తులే గిట్‌లోకి వెళ్లాక మీకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెస్తాయి, కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇద్దరు వేర్వేరు శాఖల్లో, అంటే గిట్‌లో విడివిడిగా సాగే ప్రతుల్లో, పనిచేస్తున్నారనుకోండి. తరువాతి కమాండు సంఖ్య ఇద్దరికీ 32790 అని ఉంది. ఒకరు 'రసీదు ముద్రించు' అనే మెనూ అంశాన్ని చేర్చారు, మరొకరు 'ఏడాది ముగించు' అనే అంశాన్ని చేర్చారు. ఎడిటరు ఇద్దరికీ 32790 నే ఇస్తుంది. శాఖలను కలిపేటప్పుడు రిసోర్స్.హెచ్‌లో ఘర్షణ చూపిస్తుంది. కలిపేవారు రెండు పంక్తులనూ ఉంచితే చాలుననుకుని ముందుకు సాగుతారు. రెండు పేర్లు, ఒకే సంఖ్య. కంపైలరుకు ఇందులో తప్పేమీ కనిపించదు. రెండు డైలాగులకు ఒకే సంఖ్య పడితే ఒకే రిసోర్సు రెండుసార్లు ఉందంటూ నిర్మాణం ఆగిపోతుంది, అది మేలే. మెనూ కమాండ్లకు అలా జరగదు. మెసేజ్ మ్యాపులో వెతుకులాట పైనుంచి కిందికి వరుసగా సాగుతుంది కాబట్టి, ఏ హ్యాండ్లరు ముందు కనిపిస్తే అదే నడుస్తుంది. వేర్వేరు క్లాసుల్లో ఉంటే వ్యూకు మొదటి అవకాశం, దాని తరువాత డాక్యుమెంటుకు, ఆపైన ఫ్రేముకు, చివరగా అప్లికేషనుకు దక్కుతుంది. అంటే రసీదు ముద్రించమని నొక్కితే ఏడాది ముగిసిపోవచ్చు. లెక్కల ప్రోగ్రాములో ఇది ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు.

నివారణ రెండు విధాలు. ప్రతి కలయిక తరువాత రిసోర్స్.హెచ్‌లో ఒకే విభాగంలో ఒకే సంఖ్య రెండుసార్లు వచ్చిందేమో వెతికే చిన్న స్క్రిప్టును నిర్మాణానికి ముందు నడపడం మొదటిది. ఇంకా బాగుండేది, శాఖ మొదలుపెట్టేటప్పుడే ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్యల శ్రేణిని కేటాయించుకోవడం. చిన్న బృందానికి రెండోది సులభంగా సాగుతుంది.

గిట్‌లోకి వేటిని చేర్చాలన్న ప్రశ్నకు: సీపీపీలు, హెడర్లు, ఆర్‌సీ, ఆర్‌సీ2, రిసోర్స్.హెచ్, రెస్ ఫోల్డర్లోని ఐకాన్లు, బిట్‌మ్యాపులు, డీఎస్‌పీ, డీఎస్‌డబ్ల్యూ (ప్రాజెక్టు, వర్క్‌స్పేస్ నిర్వచన ఫైళ్లు) తప్పనిసరిగా ఉండాలి. ఏపీఎస్, ఎన్‌సీబీ, ఓపీటీ, పీఎల్‌జీ, డీబగ్ ఫోల్డరు, రిలీజ్ ఫోల్డరు బయటే ఉండాలి. ఏపీఎస్ అనేది ఆర్‌సీ ఫైలును త్వరగా తెరవడానికి దాచుకున్న బైనరీ రూపం మాత్రమే. ఎన్‌సీబీ ఎడిటరు సూచనల కోసం తయారైనది. రెండింటినీ తొలగించినా మళ్లీ పుడతాయి.

డీఎస్‌పీ, డీఎస్‌డబ్ల్యూ ఫైళ్ల పంక్తుల చివర విండోస్ పద్ధతిలోని రెండు అక్షరాలు తప్పక ఉండాలి. గిట్ వాటిని ఒకే అక్షరంగా మార్చి అందిస్తే విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0 ఆ ప్రాజెక్టును గుర్తించడానికి నిరాకరిస్తుంది. గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలులో (ఏ రకం ఫైలును గిట్ ఎలా చూడాలో చెప్పేది) ఈ రెండు ఎక్స్‌టెన్షన్లకు పంక్తి ముగింపును స్థిరపరచి, ఆ తరువాతే మొదటి కమిట్ (గిట్‌లో నమోదు) చేయండి.

మూలపాఠం:

ఇంతవరకు వచ్చిన సమాధానాలన్నీ సరైనవే. అయితే ఒక విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. విజార్డ్ రాసి ఇచ్చిన ఫైళ్లను ఇతరుల సొత్తులా చూసే అలవాటు మానుకోవాలి. విజార్డ్ వాటిని ఒక్కసారే రాస్తుంది. రాసిన మరుక్షణం నుంచి అవి మీవి. అందులో 'టూడూ' అని ఉన్న వ్యాఖ్యలు మీరు పూర్తి చేయవలసిన పనులు, అలంకారాలు కావు.

దీనికి ఇనిట్‌ఇన్‌స్టన్స్ లోపల ఉన్న ఒక పంక్తే ఉదాహరణ. అక్కడ సెట్‌రిజిస్ట్రీకీ అనే ఫంక్షనుకు 'లోకల్ యాప్‌విజార్డ్-జెనరేటెడ్ అప్లికేషన్స్' అనే స్ట్రింగ్‌ను విజార్డ్ ఇచ్చి ఉంటుంది. దాని పైనే, దీన్ని మీ సంస్థ పేరుగా మార్చండి అన్న అర్థంలో టూడూ వ్యాఖ్య ఉంటుంది. మార్చకుండా విడుదల చేసిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. వాడుకరి రిజిస్ట్రీలో ఆ పేరుతో ఒక అర ఏర్పడి, ఒకదానికొకటి సంబంధం లేని ప్రోగ్రాముల సెట్టింగులు అందులో పక్కపక్కనే చేరతాయి. రెండింటి పేరూ ఒకటే అయితే ఒకదాని సెట్టింగులను మరొకటి చెరిపివేయగలదు. కొత్తబాధ్యత గారు మొదట ఈ పంక్తిని చూసి రావాలి.

మెనూ పేర్లు, అబౌట్ పెట్టెలోని కాపీరైట్ సంవత్సరం, విజార్డ్ నింపిన వ్యాఖ్యలు, ఖాళీగా వదిలేసిన ముద్రణ ఫంక్షన్లు, ఇలా వాడనివన్నీ నేనైతే మొదటి వారంలోనే తీసివేసి, క్లాసులను అర్థవంతమైన ఫోల్డర్లలోకి చేరుస్తాను. చదివేవారికి మనిషి రాసిన తర్కం మాత్రమే కనిపించాలి.

తరగతిచెట్టు:

మూలపాఠం గారి మాటలో మొదటి సగంతో నాకు పూర్తి అంగీకారం ఉంది. రెండో సగంతో లేదు.

ఎంఎఫ్‌సీ తెలిసినవారు ఎవరైనా కొత్త ప్రాజెక్టు తెరిస్తే, అడగకుండానే మెయిన్‌ఫ్రమ్‌లో టూల్‌బారు కోసం, డాక్ ఫైలులో సీరియలైజ్ కోసం వెతుకుతారు. విజార్డ్ ఇచ్చిన అమరిక ఎంత పాతదైనా అందరికీ తెలిసిన అమరిక. దాన్ని చెదరగొట్టి సొంత అమరిక తెస్తే, రేపు ఈ ప్రాజెక్టును తీసుకోబోయేవారు కొత్తబాధ్యత గారు ఇప్పుడున్న స్థితిలోనే ఉంటారు, పైగా వారికి రీడ్‌మీ కూడా సాయపడదు.

శుభ్రం చేయడంలో మరో ప్రమాదం ఉంది. 6.0 లో క్లాస్‌విజార్డ్ (క్లాసుల్లోకి హ్యాండ్లర్లను చేర్చిపెట్టే సాధనం) వాటిని చేర్చే చోటును, రెండు మీసాల కుండలీకరణాలతో 'ఏఎఫ్‌ఎక్స్_ఎంఎస్‌జీ' అని మొదలయ్యే వ్యాఖ్యల ద్వారా గుర్తుపడుతుంది. చూడటానికి అవి వ్యాఖ్యలు, పనిలో మాత్రం హద్దురాళ్లు. వాటిని తీసివేస్తే ప్రోగ్రాము కంపైల్ అవుతుంది గాని, క్లాస్‌విజార్డ్ ఆ క్లాసును సరిగా చదవలేదు. విజువల్ స్టూడియో డాట్‌నెట్ నుంచి ఈ గుర్తుల అవసరం పోయింది. కాబట్టి ప్రాజెక్టును కొత్త సాధనానికి మార్చిన తరువాతే వాటిని తీయాలి. సీఎల్‌డబ్ల్యూ ఫైలు కూడా క్లాస్‌విజార్డ్ కోసమే ఉన్నది. పోతే సోర్సు ఫైళ్ల నుంచి మళ్లీ తయారు చేసుకోమంటుంది.

అలాగే ప్రతి సీపీపీ ఫైలు పైభాగంలో, డీబగ్ షరతు లోపల 'న్యూ'ను 'డీబగ్_న్యూ'గా మార్చే మాక్రో ఉంటుంది. దాన్ని అనవసరపు సరుకుగా భావించి తొలగించవద్దు. ప్రోగ్రాము ముగిసినప్పుడు విడుదల చేయని మెమరీని అవుట్‌పుట్ కిటికీలో చూపేటప్పుడు, అది ఏ ఫైలులో ఏ పంక్తి దగ్గర కేటాయించినదో చెప్పగలిగేది ఆ మాక్రో వల్లనే. ఇన్నేళ్లుగా నడుస్తున్న లెక్కల ప్రోగ్రాములో మీకు ఆ సమాచారం ఎప్పుడో ఒకప్పుడు కావలసి వస్తుంది.

మూలపాఠం:

హద్దురాళ్ల వ్యాఖ్యల విషయంలోను, డీబగ్_న్యూ విషయంలోను మీరు చెప్పింది ఒప్పుకుంటాను, నేను వాటిని ఉద్దేశించలేదు. ఫోల్డర్ల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. విజార్డ్ ఇచ్చిన ప్రధాన క్లాసులు నాలుగే. తరువాత చేరిన డైలాగు క్లాసులు యాభై ఉంటే అవి కూడా అదే ఫోల్డర్లో పడి ఉండాలని ఏ నియమమూ లేదు.

తరగతిచెట్టు:

విజార్డ్ ఇచ్చిన నాలుగింటినీ వాటి చోటే ఉంచి, తరువాత చేరినవాటిని వేరు చేయడమైతే నాకు అభ్యంతరం లేదండీ.

సిగ్నల్‌స్లాట్:

నేను ఎక్కువగా క్యూటీలోను, కొంత విండోస్ ఫార్మ్స్‌లోను పనిచేస్తాను, రెండూ కిటికీలున్న ప్రోగ్రాములు తయారుచేసే వేరే సాధనాలు. మీ చర్చలో 'సాధనం సృష్టించిన ఫైలు' అన్న ఒకే మాట కింద మూడు వేర్వేరు రకాలు కలిసిపోతున్నాయి. విడదీసి చూస్తే గిట్ ప్రశ్న తేలికవుతుంది.

క్యూటీలో మెయిన్‌విండో.యూఐ అనే ఫైలును డిజైనరులో తయారు చేస్తాము. నిర్మాణం జరిగేటప్పుడు యూఐసీ అనే సాధనం దాని నుంచి యూఐ_మెయిన్‌విండో.హెచ్ అనే హెడరును పుట్టిస్తుంది. అందులో చేసిన మార్పులు నిలవవని ఆ ఫైలు పైనే హెచ్చరిక ఉంటుంది. ఎంఓసీ అనే సాధనం పుట్టించే ఫైళ్లూ అంతే. వీటిని ఎవరూ గిట్‌లో పెట్టరు, పెట్టకూడదు. మీ ఏపీఎస్, పీసీహెచ్ ఈ కోవకే వస్తాయి.

విండోస్ ఫార్మ్స్‌లో ఫార్మ్1.డిజైనర్.సీఎస్ అనే ఫైలు ఉంటుంది. ఇనిషియలైజ్‌కాంపొనెంట్ అనే ఫంక్షను పైన, దీన్ని కోడ్ ఎడిటర్లో మార్చవద్దని రాసి ఉంటుంది. హెచ్చరిక చూసి కొందరు దీన్ని కూడా గిట్ నుంచి మినహాయిస్తారు. అలా చేస్తే ఫార్మ్ మొత్తం పోతుంది. ఎందుకంటే ఆ కిటికీలో ఏ బటను ఎక్కడ ఉందన్న సమాచారం ఆ ఫైలులో తప్ప మరెక్కడా లేదు. సీ షార్ప్ 2.0 లో పాక్షిక క్లాసులు (ఒకే క్లాసును రెండు ఫైళ్లలో రాసే వీలు) వచ్చాకనే దాన్ని ఇలా వేరే ఫైలులోకి మార్చగలిగారు. అంతకుముందు అదంతా మనిషి రాసే ఫైలులోనే మధ్యలో ఉండేది. మీ రిసోర్స్.హెచ్, ఆర్‌సీ ఈ రెండో కోవకు చెందినవి.

మూడో రకం మీ పద్దువ్యూ.సీపీపీ లాంటిది: ఒకసారి పుట్టించి మీకు అప్పగించినది.

కాబట్టి అడగవలసిన ప్రశ్న 'దీన్ని ఎవరు రాశారు' అన్నది కాదు. 'దీన్ని తొలగిస్తే, నా దగ్గర మిగిలిన ఫైళ్ల నుంచి అచ్చంగా ఇలాగే తిరిగి వస్తుందా' అన్నదే అడగాలి. వచ్చేదైతే గిట్‌లో పెట్టవద్దు. రానిదైతే, దాని పైన ఎన్ని హెచ్చరికలున్నా పెట్టండి.

శాఖాసంగమం:

ఈ ప్రశ్న నేను ఇచ్చిన జాబితా కంటే మేలైనది. దీన్ని కొత్త విజువల్ స్టూడియో ఫైళ్లకు అన్వయించి చూశాను. ప్రాజెక్టు నిర్వచన ఫైలైన వీసీఎక్స్‌ప్రోజ్ తిరిగి రాదు, ఉంచాలి. వీసీఎక్స్‌ప్రోజ్.ఫిల్టర్స్ నిర్మాణానికి అవసరం లేదు, కాని సొల్యూషన్ ఎక్స్‌ప్లోరర్లో ఫైళ్లను అమర్చుకున్న తీరు అందులోనే ఉంది కాబట్టి ఉంచాలి. వీసీఎక్స్‌ప్రోజ్.యూజర్ కూడా తిరిగి రాదు, అయినా దాన్ని చేర్చకూడదు. అందులో ఉండేవి ఒక మనిషి యంత్రంలోని డీబగ్ అమరికలు, ప్రాజెక్టువి కావు. ఇదొక్కటే ఆ ప్రశ్నకు లొంగని ఫైలుగా కనిపిస్తోంది.

ప్రాజెక్టును కొత్త సాధనానికి మార్చేవారికి ఇంకో మాట. కొత్త విజువల్ స్టూడియోల్లో ఆర్‌సీ ఫైలు తరచుగా యూటీఎఫ్-16 లో సేవ్ అవుతుంది. గిట్ దాన్ని బైనరీగా భావించి, ఏ పంక్తి మారిందో చూపదు, శాఖలను కలపదు. 2018 లో వచ్చిన గిట్ 2.18 నుంచి, గిట్‌ఆట్రిబ్యూట్స్ ద్వారా ఆ ఫైలు ఎన్‌కోడింగును ముందే తెలియజేసే వీలుంది. అప్పుడు గిట్ లోపల యూటీఎఫ్-8 గా దాచుకుని, మీ ఫోల్డర్లో యూటీఎఫ్-16 గానే ఉంచుతుంది.

కొత్తబాధ్యత:

అందరికీ కృతజ్ఞతలు. సిగ్నల్‌స్లాట్ గారి ప్రశ్నను ఒక్కో ఫైలుకూ వేసుకుంటూ గిట్‌ఇగ్నోర్ ఫైలును (గిట్ వదిలేయవలసినవాటి జాబితాను) సిద్ధం చేశాను. విజార్డ్ ఇచ్చిన రీడ్‌మీని తొలగించకుండా, అందులోని వివరణల స్థానంలో ఈ ప్రాజెక్టుకు నిజంగా వర్తించేవి రాస్తున్నాను: పన్ను లెక్క వ్యూలో ఉందని, ఐడీఆర్_మెయిన్‌ఫ్రేమ్ స్ట్రింగ్‌లో ఏడు భాగాలున్నాయని, కమాండు సంఖ్యల శ్రేణులు ఎవరికి ఏవని.

రెండు సందేహాలు మిగిలాయి. కొత్త విజువల్ స్టూడియోకు మారితే స్టడ్‌ఏఎఫ్‌ఎక్స్ పేరును పీసీహెచ్.హెచ్‌గా మార్చాలా? రెండోది, మూలపాఠం గారు అనుమానించినట్టే మా ఇనిట్‌ఇన్‌స్టన్స్‌లో విజార్డ్ ఇచ్చిన ఆ రిజిస్ట్రీ పేరే ఉంది. వాడుకరుల సెట్టింగులు ఇప్పటికే దాని కింద ఉన్నాయి. ఇప్పుడు మార్చితే అవన్నీ పోయినట్టు కనిపించవా?

లింకర్:

పేరు మార్చనవసరం లేదు. విజువల్ స్టూడియో 2019 నుంచి కొత్త ప్రాజెక్టులకు పీసీహెచ్.హెచ్ అని పెడుతున్నారు, అంతే. కంపైలరుకు ప్రాజెక్టు సెట్టింగుల్లో ఏ పేరుందో అదే ముఖ్యం. పేరు మార్చితే ప్రతి సీపీపీ ఫైలులోనూ ఒక పంక్తి మారి, గిట్ చరిత్రలో అసలు మార్పులు వాటి మధ్య కనబడకుండా పోతాయి.

మూలపాఠం:

మీ భయం సరైనదే. పేరు మార్చగానే ప్రోగ్రాము కొత్త చోట వెతికి, ఏమీ దొరకక, అన్నిటికీ తొలి విలువలను తీసుకుంటుంది. అందుకని మార్పుతోపాటు ఒక బదిలీ కూడా రాయాలి.

సెట్‌రిజిస్ట్రీకీ పిలుపు తరువాత, లోడ్‌స్టడ్‌ప్రొఫైల్‌సెట్టింగ్స్ పిలుపుకు ముందు ఆ పని జరగాలి. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాను చదివేది ఆ రెండో పిలుపే. ముందుగా కొత్త పేరు కింద 'బదిలీ పూర్తయింది' అనే గుర్తు ఉందేమో గెట్‌ప్రొఫైల్‌ఇంట్‌తో చూడండి. లేకపోతే హెచ్‌కీ_కరెంట్_యూజర్ కింద సాఫ్ట్‌వేర్‌లో, పాత పేరు కింద ఉన్న పద్దు అరను రెగ్‌ఓపెన్‌కీఈఎక్స్‌తో చదవడానికి మాత్రమే తెరిచి, అందులోని విలువలను ఒక్కొక్కటిగా కొత్త అరలోకి రాయండి. చివరగా ఆ గుర్తును రాయండి.

పాత అరను ఈ విడుదలలోనే తొలగించవద్దు. వాడుకరుల్లో కొందరు కొన్నాళ్లు పాత ప్రోగ్రామునూ కొత్తదానినీ పక్కపక్కనే నడుపుతారు, పాతదానికి ఆ సెట్టింగులు ఇంకా కావాలి. తొలగించే సమయం వచ్చినప్పుడు కూడా 'లోకల్ యాప్‌విజార్డ్-జెనరేటెడ్ అప్లికేషన్స్' మొత్తాన్ని తీసివేయకుండా, దాని లోపలి పద్దు అరను మాత్రమే తీయండి. మిగిలినవి వేరే ఎవరి ప్రోగ్రాములవో అయి ఉంటాయి.